మడత పెట్టిన నక్ష

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు. కాదనను. మా ఊరికి నక్ష వచ్చింది ఆ కోపం పుణ్యమే కాబట్టి దాని గురించి పెద్దగా సిగ్గుపడను కూడా. నేను సిగ్గుపడే సంగతి వేరే ఉంది, అది ముందు ముందు వస్తుంది.

కొత్త జిల్లాలు ఏర్పడి, చుట్టుపక్కల మండలాలు తలా ఒక దిక్కు పోయి, చిరునామాలో ఏం రాయాలో మాకే సందేహంగా ఉన్న రోజులవి. బాపు, అంటే మా నాన్న, నేసిన చీర ఒకటి హైదరాబాదు పంపాలి. పార్శిల్ తీసుకుపోవాల్సిన కొరియర్ అతను చిట్యాల దాటి హైవే మీద నిలబడి ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ ఊరు ఫోన్ల దొరుకుతలేదు."

"నేను ఊళ్ళె నిలవడే మాట్లాడుతున్న. ఊరు లేకపోతె నేనేడున్నట్టు?"

"పేరైతె ఉన్నది మేడమ్. గని చుట్టూత తెల్లగున్నది. బాటల్లేవు, ఇండ్లు లేవు."

ఫోనులో నక్ష తెరిచి చూశాను. అతను చెప్పింది నిజమే. మగ్గాలు, బడి, రెండు కాలనీలు ఉన్న ఊరు కాస్తా ఒక పేరు, దాని పక్కన ఒక సన్నటి గీత. హైవే మీది దాబాలు మాత్రం ఒక్కటి తప్పకుండా ఉన్నాయి, పరాటాల ఫొటోలతో సహా. ఒళ్ళు మండింది. ఆ పార్శిల్ నేనే బండి మీద హైవే దాకా తీసుకుపోయి ఇచ్చాను. దారంతా గొణుక్కుంటూనే వెళ్ళాను.

నేను చిట్యాలలో ఒక జూనియర్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఎవరైనా గీయగల, ఎవరైనా దిద్దగల ఉచిత నక్ష ఒకటి ఇంటర్నెట్‌లో ఉందని, ఊరివాళ్ళే కూర్చుని తమ ఊరిని అందులో పెట్టుకోవచ్చని తోటి లెక్చరర్ ద్వారా తెలిసింది. నల్లగొండలో ఒక ఆదివారం దాని మీద క్లాసు ఉందంటే వెళ్ళాను. పాఠం చెప్పిన అమ్మాయి నాకంటే పదేళ్ళు చిన్నది. "ఆకాశం నుంచి తీసిన ఫొటో చూసి గీయడం సగం పనే మేడమ్, మిగతాది కాళ్ళతో చేయాలి" అంది. ఆ మాట నోటుబుక్కులో రాసుకుని కింద గీత కూడా గీసుకున్నాను. రాసుకున్నట్టే చేసి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

ఊరికి రాగానే బస్టాండు దగ్గరి చాయ్ హోటల్ గోడకు ఒక కాగితం అంటించాను. "మన ఊరి నక్ష మనమే గీద్దాం. ఆదివారం పొద్దున ఏడు గంటలకు. చాయ్ నాది." మొదటి ఆదివారం పదకొండు మంది వచ్చారు. చాయ్ తాగారు. ఊరు నక్షలో లేకపోవడం ఎవరి తప్పో గంటసేపు గట్టిగా మాట్లాడుకున్నారు. రెండో ఆదివారం నలుగురు. మూడో ఆదివారానికి ఇద్దరే మిగిలారు. నాతో కలిపి ముగ్గురం. ముగ్గురే కదా, చాయ్ ఇంట్లోనే పెట్టుకోవచ్చని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

ఆ ఇద్దరిలో ఒకాయన రిటైరైన లైన్‌మన్. నేను కాకా అంటాను. ఉద్యోగంలో సగం మర్రిగూడ వైపు, మిగతా సగం మా ఊళ్ళోనే చేశాడు. మర్రిగూడ ఫ్లోరైడు నీళ్ళు తాగి తాగి పండ్లకు మరకలు పడ్డాయి, మోకాళ్ళు సరిగా వంగవు. అయినా నడక అంటే అందరికంటే ముందుంటాడు. ఈ కాకాకు మనుషుల పేర్లు గుర్తుండవు, కరెంటు స్తంభాల నంబర్లు మాత్రం మర్చిపోడు. ఎవరి ఇల్లు అడిగినా "గాళ్ళదా? తొమ్మిదో స్తంభం కాడ" అంటాడు. మా గుంపుకు పనిచేసే పద్ధతి దొరికింది ఆయన నోటి నుంచే. మా ఊళ్ళో ఒక్కో తలుపు మీద పాత నంబరు, కొత్త నంబరు, కొట్టేసిన నంబరు ఉంటాయి. వాటిలో ఏది నిజమో ఆ ఇంటివాళ్ళకే తెలియదు. స్తంభాలకు ఆ గొడవ లేదు. అందుకని ప్రతి ఇంటినీ దగ్గరి స్తంభం నంబరుతో రాయాలని నిర్ణయించాము.

రెండో మనిషి రోడ్డుకు అటుపక్క కాలనీలో ఉండే అంగన్‌వాడీ టీచరు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. నేను అక్కా అంటాను, ఆమె చెల్లె అంటుంది. అప్పటికి మా పరిచయం పోలియో చుక్కల వరకే. మూడో ఆదివారం ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టి ఒకటే మాట చెప్పింది.

"చెల్లె, బడి గావాల్నా, గుడి గావాల్నా, మీకు ఏది గావాలెనో గీసుకోన్రి. నాకు ఒక్కటే గావాలె. మా చిన్నబిడ్డకు ఐదో నెల. నొప్పులొచ్చిననాడు అంబులెన్సు మా ఇంటి ముంగటికొచ్చి ఆగాలె. గంతే."

ఆ మాట వెనక ఉన్న సంగతి ఊరందరికీ తెలుసు. రెండేళ్ళ కింద పెద్దబిడ్డ కాన్పుకు వచ్చినప్పుడు అక్క అంబులెన్సుకు ఫోన్ చేసి, కాలనీ అని చెప్పింది. బండి వచ్చింది. కానీ రోడ్డుకు ఇటు ఒక కాలనీ, అటు ఒక కాలనీ. దారి తెలియని ఆ డ్రైవరు ఇటు కాలనీలోకి, అంటే మా నేతవాళ్ళ సందుల్లోకి వచ్చి తిరుగుతూ ఉన్నాడు. అటు అక్క ఎర్ర తువ్వాల పట్టుకుని రోడ్డెక్కి ఊపుతూ ఉంది. చివరికి బిడ్డను ఆటోలో ఎక్కించారు. ఆటో హైవే చేరకముందే కాన్పయింది. దేవుడి దయ, తల్లీ పిల్లా క్షేమం. ఆ మనవరాలిని కాలనీ అంతా ఇప్పటికీ ఆటోపిల్ల అనే పిలుస్తుంది. ఆ పేరు వింటే అందరూ నవ్వుతారు. అక్క కూడా నవ్వుతుంది, కానీ ఆ రోజు సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆమె చేతులు ఊరుకోవు, కొంగు అంచు మడుస్తూ విప్పుతూ ఉంటాయి.

సరే, మొదలుపెట్టాము. బడి, పాలకేంద్రం, రేషను దుకాణం, బోరింగులు, హైవే నుంచి లోపలికి వచ్చే బాట, అన్నీ ఒక్కొక్క ఆదివారం నడిచి రాశాము. నేను ఫోను పట్టుకుంటే, కాకా స్తంభం నంబరు అరిచేవాడు, అక్క ఇంటివాళ్ళతో మాట కలిపేది. ఆమెకు మాట కలపడం ఎంత వచ్చో, మాట ముగించడం అంత రాదు. ఒక్కో ఇంటి దగ్గర అరగంట. నాకు ఓపిక తక్కువ. గేటు బయట నిలబడి గడియారం చూసేదాన్ని.

ఇక్కడ మా బాపు గురించి చెప్పాలి. బాపు చిటికి నేత నేస్తాడు. నూలు పోగులకు ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేసే పని అది. మగ్గం ఎక్కకముందే చీర బొమ్మను గళ్ళ కాగితం మీద గీసుకోవాలి, ఏ గడిలో ఏ రంగు రావాలో. అయితే బొమ్మ మొత్తం గీయరు. పోగులను మధ్యకు మడిచి ముడి కడతారు కాబట్టి ఒక సగానికి కట్టిన ముడి రెండో సగానికీ సరిపోతుంది. అందుకని కాగితం మీద ఒక సగమే ఉంటుంది, దాని అంచున జంట గీత ఉంటుంది. ఆ గీత కనిపించిందంటే అక్కడ మడత అని అర్థం. అవతలి సగం ఇటు సగానికి అద్దంలో కనిపించే నీడ. మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు ఆ గీత తెలుస్తుంది.

శ్రావణమాసంలో ఒక ఆదివారం వాన పట్టుకుంది. కాకా మోకాళ్ళు పట్టేశాయి. అక్కకు పోలియో డ్యూటీ పడింది. "అటు కాలనీ నాది, వచ్చే ఆయితారం నేనే తిప్పుత" అని ముందురోజే చెప్పింది. ఇక ఇటు కాలనీ మిగిలింది. నేను వాన చూసి విసుక్కుంటుంటే బాపు గొడుగు తీశాడు.

"మన గల్లీలే గద బిడ్డా. నేను గీసిస్త తియ్యి."

పది అడుగులకు ఒక గడి చొప్పున అడుగులు లెక్కపెట్టుకుంటూ, డెబ్బై ఏళ్ళ మనిషి వానలో కాలనీ అంతా తిరిగాడు. సాయంత్రానికి కాగితం ఇచ్చాడు. ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క గడి, కొలిచి పెట్టినట్టు. కాగితం కుడి అంచున రోడ్డు. రోడ్డును రెండు గీతలుగా గీశాడు. రోడ్డును ఎవరైనా అలాగే గీస్తారు.

అదే వారం పంచాయతీ సెక్రటరీ ఫోన్ చేసి, గురువారం గ్రామసభ ఉంది, నక్ష ఫ్లెక్సీ తెస్తే ఆఫీసులో అందరి ముందు తగిలిద్దాం అన్నాడు. గురువారం! నాకు కాలు నిలవలేదు. అటు కాలనీ ఇంకా నడవలేదు. ఆకాశం నుంచి తీసిన ఫొటో చూద్దామంటే, ఫొటో తీసిన రోజు సరిగ్గా అటుపక్కే తెల్లటి మబ్బు ఉంది. మంగళవారం రాత్రి బాపు కాగితం ముందేసుకుని కంప్యూటర్ దగ్గర కూర్చున్నాను. అంచున జంట గీత కనబడింది. బాపు మడత గీత గీసిచ్చాడనుకున్నాను.

ఆ ఆలోచనలో తప్పు ఉందని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. రెండు కాలనీలూ ఒకే స్కీములో, ఒకే ఏడాది కట్టినవి. రోడ్డు మీద నిలబడి చూస్తే రెండు పక్కలా ముందు వరుస ఇళ్ళు అచ్చం ఒకేలా ఉంటాయి. బాపు అన్నీ తెలిసే సగం గీశాడు అనుకున్నాను. ఇటు సగాన్ని తీసి అటు తిప్పి అతికించాను. రెండు నిమిషాల పని. మధ్యలో రోడ్డు, రెండు పక్కలా సమానమైన సందులు, చీర కొంగులా ముచ్చటగా వచ్చింది. నన్ను నేనే మెచ్చుకుని పడుకున్నాను.

గురువారం పంచాయతీ ఆఫీసులో ఫ్లెక్సీ విప్పారు. చప్పట్లు కొట్టారు. అందరూ ముందుకు తోసుకొచ్చి ఎవరి ఇల్లు వాళ్ళు వెతుక్కున్నారు. దొరికినవాళ్ళు వేలు పెట్టి చూపించుకుంటున్నారు. అక్క కూడా వచ్చింది. ముందు చర్చి కోసం వెతికింది. చర్చి ఉండాల్సిన చోట ఒక ఇల్లు. నీళ్ళ ట్యాంకు ఉండాల్సిన చోట ఇంకో ఇల్లు. ఆమె వేలు ఆ తిన్నటి సందుల్లో పైకీ కిందికీ తిరిగింది.

"చెల్లె, మా కాలనీని ఎవలు ఇస్త్రి జేసిన్రు?"

అందరూ ఘొల్లుమన్నారు. ఆమె కూడా నవ్వింది. నేనూ నవ్వాను, ఇంకా అర్థం కాక.

"ఏమైందక్కా?"

"మా కాడ సక్కటి బాట ఒక్కటన్న ఉన్నదా? గీ సందు జూసి అంబులెన్సు లోపటికొస్తె సీద పత్తి చేన్ల దిగుతది. నా ఇల్లేది గిండ్ల?" గొంతు తగ్గించింది. "నా బిడ్డకు ఎనిమిదో నెల వడ్డది చెల్లె. నీకు చెప్పిన గద."

అంతే, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. సెక్రటరీ ఇంకా నా గురించి నాలుగు మంచి మాటలు చెబుతూనే ఉన్నాడు. నాకు ఒక్కటీ వినబడలేదు.

ఇంటికొచ్చి బాపు మీద విరుచుకుపడ్డాను. మడత గీత ఎందుకు గీశావని. బాపు కాగితం తెప్పించుకుని చూశాడు.

"ఇది మడత గాదు బిడ్డా. రోడ్డు."

"మరి అటెందుకు గీయలే?"

"అటు నాకేం తెలుసు? ఎన్నడన్న పోయిన్నా?"

మామూలుగా అన్నాడు, నీళ్ళు అయిపోయాయి అన్నట్టు. నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు. డెబ్బై ఏళ్ళుగా ఇదే ఊళ్ళో ఉన్న మనిషి. ఆ రోడ్డు దాటడానికి ఇరవై అడుగులు చాలు. ఆయన సంగతి అటుంచితే, నేనెన్నిసార్లు వెళ్ళాను? చుట్టాల పసిబిడ్డకు చుక్కలు వేయించడానికి ఒకసారి, ఓట్ల డ్యూటీలో ఒకసారి. అంతే. రోడ్డు మీద నిలబడి ముందు వరుస చూసి, వెనక కూడా మాలాగే ఉంటుందని గీసేశాను. ఆ రాత్రి నాకు నా మీదే అసహ్యం వేసింది. నేను సిగ్గుపడతానని మొదట్లో అన్నది దీని గురించే.

మర్నాడు కాలేజీ నుంచి రాగానే రోడ్డు దాటాను. అక్క ఇల్లు చేరడానికి ముగ్గురిని దారి అడగాల్సి వచ్చింది. ఊరి నక్ష గీసిన మనిషిని! మొదటి సందులో వెళితే నీళ్ళ ట్యాంకు దిమ్మె అడ్డం. పక్కకు తిరిగితే మోరీ కాలువ మీది బండ విరిగి ఉంది. కాస్త ముందుకెళితే ఎవరో వంటిల్లు పెంచుకుని సందులో సగం కలిపేసుకున్నారు. అక్క అరుగు మీద చిన్నబిడ్డ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఆటోపిల్ల ఆమె కాళ్ళ మీదుగా దూకి ఆడుతోంది. అక్క నన్ను చూసి వెంటనే రమ్మనలేదు.

"తప్పు నాదే అక్కా. నువ్వొచ్చిందాక ఆగకపోతి. తిట్టాలనుంటె తిట్టు."

"తిట్టనీకె టైమేడుంది? రెండు నెలలున్నది." బియ్యం చెరుగుతూనే అంది. "ఆయితారం పొద్దుగాల రా. మీ బాపును గూడ తోల్కరా. గీసినాయననే దిద్దుమను."

బాపు ఆ ఆదివారం ఉతికిన ధోతి కట్టుకున్నాడు. గళ్ళ కాగితాల అట్ట, రెండు పెన్సిళ్ళు సంచిలో పెట్టుకున్నాడు. మొదటి సందు మలుపులోనే ఒక ముసలామె గుమ్మంలో కూర్చుని ఉంది. బాపును ఎగాదిగా చూసింది.

"ముప్పై ఏండ్ల సంది నిన్ను రోడ్డు అవతలనే జూస్తున్న. ఇయ్యాల తొవ్వ దొరికిందా అన్నా?"

బాపు సంచిలోంచి గళ్ళ కాగితాల అట్ట తీసి చూపించాడు.

"నక్ష లేకుండె గద చెల్లె" అన్నాడు.

ముసలామె నోరంతా తెరిచి నవ్వింది. అక్క నవ్వింది. కాకా నవ్వలేక స్తంభం పట్టుకున్నాడు. ఆ నవ్వుతో నడక తేలికైపోయింది.

కానీ పని తేలిక కాలేదు. రెండు గంటలు నడిచాక బాపు అక్క అరుగు మీద కూర్చుని, కాగితం చూసుకుని తల ఊపాడు. "గిది చీర గాదు బిడ్డా, బొంత. బొంతకు మడత లెక్క నడువదు. ఒక్కొక్క ముక్క జూసుకుంట కుట్టాలె." అక్క చాయ్ తెచ్చింది. తాగాడు. ఇంకో గ్లాసు ఉందా అని అడిగాడు. ఆ తర్వాత నాలుగు ఆదివారాలు ఆయనను పిలవాల్సిన అవసరం రాలేదు, నాకంటే ముందే రోడ్డు మీద ఉండేవాడు. ఒక అలవాటు కూడా మొదలుపెట్టాడు. ఏ ఇంటి దగ్గరైనా "మీరెందరు?" అని అడిగేవాడు. ఎందరుంటే ఆ ఇంటి గడిలో అన్ని చుక్కలు. "నక్షకు మనుషుల లెక్క అక్కర్లేదు బాపూ, ఆలస్యమైతుంది" అని నేను విసుక్కున్నాను. "నీ నక్షకు అక్కర్లేదు, నాకు గావాలె" అని తన పని తాను చేసుకుపోయాడు.

తప్పు ఫ్లెక్సీని అక్క అంగన్‌వాడీకి తీసుకుపోయింది. బొమ్మ కిందికి వచ్చేలా తిప్పి పిల్లలు కూర్చోవడానికి పరిచింది. అంత మంచి పట్ట మళ్ళీ దొరకదని ఇప్పటికీ నన్ను ఆటపట్టిస్తుంది.

నక్ష దిద్దడం అయ్యాక, అక్క అంగన్‌వాడీలో ఉన్న వేళ కాకా, బాపు, నేను హైవే పక్కన అంబులెన్సు నిలిచే చోటికి కాగితం తీసుకుని వెళ్ళాము. డ్రైవరు ఖమ్మం వైపు మనిషి, ఈ దిక్కుకు కొత్త. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మేమెవరమూ వేసుకోని ప్రశ్న వేశాడు.

"బాట గీసిన్రు బాగుంది. గీ బాటల నా బండి పడ్తదా?"

కాకా వెంటనే ఒక వెదురు బొంగు తెప్పించి, బండి వెడల్పుకు కొలిచి, రెండు జానలు ఎక్కువ పెట్టి కోయించాడు. ఆ బొంగు అడ్డంగా పట్టుకుని ఒక చివర కాకా, ఒక చివర అక్క, అటు కాలనీ సందులన్నీ తిరిగారు. బొంగు ఎక్కడ గోడకు రాసుకుంటే అక్కడ బండి పోదని నేను రాయాలి. చూసినవాళ్ళందరూ "ఎవరింట్ల పెండ్లి? పందిరెక్కడ?" అని అడిగేవాళ్ళు. "నా బిడ్డ సీమంతం" అని అక్క ఆగకుండానే జవాబు చెప్పేది. చివరికి తేలింది ఏమిటంటే, అందరూ వాడే మొదటి మలుపులో బొంగు ట్యాంకు దిమ్మె దగ్గర ఇరుక్కుంది. లారీలు తూకం వేసే కాంటా పక్కనుంచి, పత్తి చేను అంచున తిరిగి, చర్చి వెనకనుంచి వస్తే మాత్రం ఎక్కడా తగలకుండా అక్క గుమ్మం దాకా వచ్చింది. అక్క ఇల్లు పన్నెండో స్తంభం దగ్గర. కాంటా మలుపును నక్షలో పెట్టాము. కాకా, నేను మళ్ళీ వెళ్ళి డ్రైవరు ఫోనులోకి నక్ష ఎక్కించాము. ఒక కాగితం బండి లోపల అతికించి వచ్చాము.

బతుకమ్మకు ఇంకా పది రోజులుందనగా, ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "చెల్లె, ఉమ్మనీరు వోయింది. అంబులెన్సుకు జెప్పిన. పన్నెండో స్తంభమని జెప్పిన." ఆ రోజు కాలేజీకి సెలవు. అన్నం కంచం అలాగే వదిలేసి చేయి కూడా సరిగా కడుక్కోకుండా పరిగెత్తాను.

అక్క మొదటి మలుపు దగ్గర, రోడ్డు మధ్యలో నిలబడి ఉంది. చేతిలో ఎర్ర తువ్వాల. బిడ్డ దగ్గర పెద్దబిడ్డనూ కాలనీ నర్సునూ ఉంచి తాను ఇక్కడికి వచ్చింది.

"అక్కా, ఈడెందుకు నిలవడ్డవ్? బండి కాంటా కాడికెళ్ళి వస్తది. బొంగు నువ్వే పట్టితివి గద!"

"నీ నక్షను ఒకపారి నమ్మిన గద చెల్లె" అంది. కోపంగా కూడా అనలేదు. హైవే వైపు చూస్తూనే అంది.

నేనూ ఆమె పక్కనే నిలబడ్డాను. ఏ గీత ఎక్కడ తప్పు పడిందోనని మనసులో సందులన్నీ మళ్ళీ నడుస్తున్నాను. సైరన్ వినబడింది. బండి కనబడింది. అక్క రెండు చేతులా తువ్వాల ఊపింది. బండి మా దగ్గరికి వచ్చి, కొంచెం పక్కకు తప్పుకుని, మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది.

"ఆగు! అరే ఆగు! నీ బండి మన్నువడ! మల్ల తప్పిండు చెల్లె, మల్ల తప్పిండు!"

తిడుతూనే బండి వెనక పరిగెత్తింది. నేను ఆమె వెనక. బండి కాంటా దగ్గర మలుపు తిరిగి చేను వైపు మాయమైంది. అక్కకు అదీ కనబడలేదు, కళ్ళ నిండా నీళ్ళు. నేను ఆమె చేయి పట్టుకుని దగ్గరి సందులోకి లాగాను. నా చెప్పు ఒకటి మోరీలో పడింది. ట్యాంకు దిమ్మె పక్కనుంచి ఒకరి వెనక ఒకరం దూరి, వంటింటి గోడ రాసుకుంటూ, ఆయాసంతో ఆమె ఇంటి ముందుకు వచ్చి పడ్డాము.

పన్నెండో స్తంభం కింద బండి నిలబడి ఉంది. వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. డ్రైవరూ బండిలో ఉండే సహాయకుడూ చిన్నబిడ్డను అప్పటికే స్ట్రెచర్ మీదికి ఎక్కించారు. అక్క తువ్వాల పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయింది.

"అమ్మా, జర పక్కకు జరుగున్రి" అన్నాడు డ్రైవరు. "మీరెవలు? పేషెంటు అమ్మ ఏడున్నది? జల్ది రమ్మనున్రి."

అక్కకు నోట మాట రాలేదు. నాకు తెలిసి అది మొదటిసారి. "ఆమెనే అన్నా" అన్నాను నేను. ఆ తర్వాత నేను అక్కను బండిలోకి తోశానో, ఆమె తానే ఎక్కిందో గుర్తు లేదు. తలుపులు మూసుకున్నాయి. బండి చర్చి వెనకనుంచి, ఎక్కడా ఏ గోడా తగలకుండా బయటికి వెళ్ళింది. నేను ఒంటి చెప్పుతో అక్కడే నిలబడి ఆటోపిల్లను ఎత్తుకుని ఏడ్చాను. దాని బుగ్గంతా తడి చేశాను. అది నా ముక్కు పట్టుకుని లాగింది.

పొద్దు వాలుతుండగా ఫోన్ మోగింది. బాపు మగ్గం దిగి కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఫోనులో ఆసుపత్రి గోల, ఆ గోలలో సన్నగా ఒక ఏడుపు.

"చెల్లె," అంది అక్క. "కాన్పు మంచం మీదయ్యింది."

అంతే చెప్పి పెట్టేసింది. అదే మాట బాపుకు చెప్పాను.

"మొగపిలగాడా, ఆడపిల్లనా?"

"అడగనే లేదు బాపూ."

"ఎవలైతేంది" అన్నాడు. తడి చేతులు ధోతికి తుడుచుకుని, గూట్లోంచి గళ్ళ కాగితం తీశాడు. చర్చి వెనక పన్నెండో స్తంభం దగ్గరి గడి వెతికి, అందులోని చుక్కల పక్కన ఇంకొక చుక్క పెట్టాడు.